పదహారు చాలన్నారు

"నేను ఆ పెట్టె తెరవను."

కనకం చేతిలోని హారతి పళ్లెం ఉన్నచోటే ఆగిపోయింది. కర్పూరం మాత్రం ఎవరి మాటా పట్టించుకోకుండా చివరిదాకా వెలిగి, పళ్లెంలో నల్లటి మచ్చ మిగిల్చి ఆరిపోయింది.

విశ్వకర్మ పూజ నాడు బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో బొట్టు పడని ఇనుప ముక్క ఉండదు. లోకో షెడ్డు దగ్గరి పందిట్లో పొద్దున్నుంచీ మైకు మోగుతూనే ఉంది. ఈ క్వార్టర్ ముందుగదిలోనూ ఇంటి పనిముట్లన్నీ పీట చుట్టూ కొలువుతీరాయి. కనకం భర్త సూర్యం ఇంజను నడిపిన రోజుల్లో డ్యూటీకి మోసుకెళ్లిన ఇనప లైన్ బాక్సు, దాని మీద తెల్లరంగుతో ఆయన పేరు. కనకం కాలితో తొక్కే కుట్టుమిషను. కొడుకు దిలీప్ మోటార్‌సైకిల్ తాళాలు. వాటి పక్కన కోడలు ప్రత్యూష కొత్త ల్యాప్‌టాప్ పెట్టె.

నిన్న సాయంత్రం ఆ పెట్టె ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచి ప్రత్యూష దాన్ని ముట్టుకోలేదు. అత్తగారు ముట్టుకుంది. సరిగ్గా సీలు టేపు మీదే పసుపు రాసి, నడుమ రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు పెట్టింది.

"తెరవనంటే ఏటమ్మా?" అన్నాడు సూర్యం, కుర్చీలో ముందుకు జరిగి. "అల్లుడుగారు పనిమాలా దయాల్‌బంద్ నుండి వచ్చినారు. నీ చేత్తో తెరిపిద్దారనే కదా."

"అల్లుడుగారు వచ్చినందుకు సంతోషం మావయ్యా. టిఫిన్ పెడతాను, టీ పెడతాను. పెట్టె మాత్రం తెరవను. నేను అడిగింది అది కాదు."

అందరి చూపులూ రమణబాబు వైపు తిరిగాయి.

రమణబాబు ఈ ఇంటి అల్లుడు, దిలీప్ అక్క మొగుడు. బ్యాంకులో కంప్యూటర్లు చూసే ఉద్యోగం. ఈ ఇంట్లో ఫోను కొన్నా, టీవీ కొన్నా, ఆఖరికి మిక్సీ కొన్నా ఆయన ఊఁ అనాల్సిందే. ఆయన ఎంచిన వస్తువును వెనక్కి పంపడమంటే ఆయన్నే గుమ్మంలోంచి వెనక్కి పంపినట్టని ఈ ఇంటివాళ్ల నమ్మకం. ప్రత్యూష తన సంపాదనతో తాను పని చేసుకునే మెషీన్ కొనుక్కుంటున్నా సరే, నమ్మకం నమ్మకమే.

"చెల్లెమ్మా," అన్నాడు రమణబాబు, చిన్నపిల్లకు నచ్చజెప్పే గొంతుతో. "నేనేమీ గాల్లోంచి చెప్పలేదు. నీ పాత ల్యాప్‌టాప్‌లో మెమరీ మీటరు స్వయంగా చూశాను. నువ్వు పని చేస్తుండగానే చూశాను. ఆరు జీబీ. బస్, అంతే. దానికి పదహారు కొన్నామంటే రెండింతల పైన. ఔర్ క్యా చాహియే?"

"ఆ రోజు నేను ఏ పని చేస్తున్నానో కూడా చూశారా అన్నయ్యగారూ?"

"ఏ పనైతే ఏంటి? పని పనే కదా."

"తఖత్‌పూర్ రోడ్డు ముక్క సర్వే అది. ఫొటోలు కూడా పెద్దగా లేవు. గని పని అలాంటిది కాదు."

డ్రోన్ ఆకాశంలోంచి తీసిన వేల ఫొటోలను ఒకదానికొకటి కలిపి, గని రూపాన్ని కంప్యూటర్‌లో నిలబెట్టడం ప్రత్యూష పని. ఎంత మట్టి తవ్వారో, ఎంత బొగ్గు తీశారో ఆ రూపాన్ని బట్టే కొలుస్తారు. ఇన్నాళ్లూ రోడ్లూ కాలువలూ చేసింది. ఇప్పుడు రాయ్‌పూర్ కంపెనీ కోర్బా వైపు ఓ గని మొత్తాన్ని ఆమె చేతిలో పెడతానంది. ఆ మాట విన్న రోజు ఆమెకు అన్నం సహించలేదు, సంతోషంతో.

"రాయ్‌పూర్ ట్రైనింగ్‌లో గని మొత్తం ఒకేసారి ఎక్కించి చూశాను. మీటరు పదీ పన్నెండు దగ్గర చాలాసేపు ఆడింది. తర్వాత ఎక్కడం మొదలుపెట్టి యాభై దాటింది. అక్కడ ఉన్నది కాసేపే. కానీ ఆ కాసేపు చోటు దొరక్కపోతే పని మొత్తం కూలిపోతుంది, మళ్లీ మొదటికే. అందుకే అరవై నాలుగు అన్నాను. ముప్పై రెండు కూడా అడగలేదు."

సూర్యానికి జీబీలు తెలియవు గానీ బరువులు తెలుసు. ముప్పై ఏళ్లకు పైగా గూడ్సు బళ్లు లాగినవాడు. గొంతు సవరించుకున్నాడు.

"పది పెట్టెల పాసింజరుకి రెండింజన్లు ఎవుడైనా కడతాడేటమ్మా? లోడుని బట్టి ఇంజను. అల్లుడుగారు సెప్పింది సబబే."

ప్రత్యూష ఆయన వైపు తిరిగింది. ఈ ఇంట్లో ఆమెకు కాస్త భయమున్నది ఆయన దగ్గరే, కాస్త ఇష్టమున్నదీ ఆయన మీదే.

"మీరు కట్నీ లైన్‌లో గూడ్సు నడిపారు కదా మావయ్యా. ఎంత లోడు కట్టాలో దేన్ని చూసి చెప్పేవారు? బిలాస్‌పూర్ యార్డులో చదునుగా ఉన్న పట్టాల్ని చూసేనా?"

"యార్డుని సూసి ఎవుడు సెప్తాడు? భన్వర్‌టోంక్ ఘాటుని, ఆ కొండెక్కుడుని సూసి."

"ఆ ఎక్కుడు ఎంతసేపు?"

"ఎంతసేపని కాదమ్మా. అక్కడ గాని బండి నిలబడిపోయిందంటే ఎనకొచ్చీ బళ్లన్నీ..." అంటూనే సూర్యం ఆగిపోయాడు. తన నోటితోనే తన తీర్పు కొట్టేసుకున్నానని ఆయనకు అర్థమైంది.

"నాదీ అంతే మావయ్యా. మీటరు చదునులో ఎంతుందో అన్నయ్యగారు చూశారు. నేను ఘాటు మీద చూశాను."

రమణబాబుకు ఈ రైలు భాష నచ్చలేదు. "అరే, ఎక్కడి రైలు, ఎక్కడి ల్యాప్‌టాప్! తక్కువైతే తర్వాత కలుపుకోవచ్చు. మెమరీ కలపడం ఎంత పని?"

"అద్గదీ!" సూర్యం మొహం వెలిగింది. "ఘాటు కాడ ఎనకాల బేంకర్ ఇంజను తగిలించీవోళ్లం. అలగే నువ్వూ తరవాత తగిలించుకో."

"దీనికి వెనక తగిలించడానికి కప్లింగే లేదు మావయ్యా. మెమరీని బోర్డుకే అతికించేశారు. ఇవాళ ఎంతుందో ఎప్పటికీ అంతే. నిన్న షాపుకి ఫోన్ చేసి అడిగాను. పెట్టె పక్కన చీటీ మీద కూడా ఉంది. చదవండి అన్నయ్యగారూ."

రమణబాబు వంగి చదివాడు. అవసరమైనదానికన్నా ఎక్కువసేపే చదివాడు. లేచాక జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"ఇప్పుడొచ్చేవన్నీ ఇలాగే ఉంటాయి," అన్నాడు.

"అన్నీ కాదు. షాపులో ఆ పక్కనే ఉన్న లావుపాటి దాంట్లో అరవై నాలుగు ఉంది. ఇటుకలా ఉందని మీరు పక్కన పెట్టించారట."

బయట మైకు ఓ పాట ముగించి ఇంకో పాట అందుకుంది.

ప్రత్యూషకు ఒళ్లు మండిపోతోంది. పదహారు అన్నందుకు కాదు, 'తర్వాత' అన్నందుకు. ఈ ఇంట్లో ఆ మాట వినీ వినీ ఆమెకు విసుగు పుట్టింది. ఎంటెక్ చదువుతానంటే పెళ్లయిన తర్వాత అన్నారు. పెళ్లయ్యాక మళ్లీ 'తర్వాత' అన్నారు. వెనక గదిలో బియ్యం డ్రమ్ములు తీసి బల్ల వేసుకుంటానంటే తర్వాత. బండి నేర్చుకుంటానంటే తర్వాత. కాదు అని ఎవరూ అనరు, అంత మంచివాళ్లు. కాదంటే కనీసం పోట్లాడటానికి ఓ మాట దొరికేది.

"మీరందరూ చెప్పే ఆ 'తర్వాత' నా దాకా ఒక్కసారి కూడా రాలేదు," అంది. "దీనికైతే తర్వాత అన్నది అసలు లేదు. బోర్డు మీదే అతికించేశారు. అందుకే ఇవాళ ఒప్పుకోను."

"బస్ కరో, ఇక చాలు," రమణబాబు పళ్ల పళ్లెంలోంచి చాకు తీశాడు. "ముహూర్తం దాటిపోతోంది. నువ్వు తెరవకపోతే నేను తెరుస్తాను."

చాకు మొన టేపు దగ్గరికి వచ్చేలోగా ప్రత్యూష అరచెయ్యి పెట్టె మీద పడింది.

"సీలు తెగితే షాపువాడు మార్చడు. అది మీకూ తెలుసు, నాకూ తెలుసు. చెయ్యి తియ్యను. కొయ్యండి."

"ఓలమ్మో!" కనకం హారతి పళ్లెం కింద పెట్టేసింది. "పూజయిపోయిన వస్తువుని ఎనక్కి తిప్పుతారేటే? బొట్టెట్టినదాన్ని గుమ్మం దాటిస్తే ఇంటికి మంచిది కాదు. నాను బొట్టెట్టినపుడు నోరు మూసుకోనుండి, ఇప్పుడు ఈ రబస ఏటి?"

"అప్పుడు నేను వంటింట్లో పూర్ణాలు చేస్తున్నాను అత్తా. నాకెవరు చెప్పారు?"

రమణబాబు చాకు పట్టుకునే నిలబడ్డాడు. అల్లుడై ఉండి, బ్యాంకులో పదిమంది మీద పెత్తనం చేస్తూ ఉండి, ఓ ఆడపిల్ల అరచేతి దగ్గర ఆగిపోవడం ఆయనకు నామోషీగా ఉంది. ఆ ఉక్రోషంలో నోరు జారాడు.

"అసలు ఆ గని పని ఎక్కడుందని ఈ గొడవంతా? దిలీప్ వద్దని చెప్పేశాడు కదా!"

ఇంతవరకూ ఒక్క మాటా మాట్లాడకుండా కిటికీ దగ్గర నిలబడ్డ దిలీప్ కళ్లు మూసుకున్నాడు.

ప్రత్యూష చెయ్యి పెట్టె మీదే ఉంది.

"ఎవరికి చెప్పారు?"

దిలీప్ కళ్లు తెరిచి కిటికీ వైపు తిరిగాడు.

"ఏమండీ, మిమ్మల్నే. ఎవరికి చెప్పారు?"

"పోయిన వారం సీతారామయ్యగారు ఫోన్ చేశారు," అన్నాడు దిలీప్, కిటికీ ఊచల్ని చూస్తూ. "నువ్వు స్నానానికి వెళ్లావు. చిన్న పనులైతే ఇవ్వండి, గని మొత్తం మా ఆవిడ వల్ల కాదు అన్నాను."

సీతారామయ్య రాయ్‌పూర్ కంపెనీ యజమాని. బొగ్గు గనుల్లో ఇంజనీరుగా చేసి రిటైరై, సర్వే పనులు పెట్టుకున్న పెద్దమనిషి.

"నా ఫోన్‌లో," అంది ప్రత్యూష.

"నీ కోసమే..."

"ముందు నా పనిని కోసేశారు. ఆ మిగిలిన ముక్కకి సరిపోయే పెట్టె తెచ్చారు. తెచ్చి, బొట్టు పెట్టి, హారతి ఇచ్చి, తెరవమంటున్నారు." ఆమె గొంతు పెరిగింది. "దిలీప్! నన్ను అడిగావా నువ్వు?"

కనకం నోటి మీద చెయ్యి వేసుకుంది. మొగుడూ పెళ్లాం తలుపు వేసుకుని ఏమని పిలుచుకుంటారో అందరికీ తెలిసిందే. మామగారి ఎదుట, ఇంటల్లుడి ఎదుట మొగుణ్ణి పేరు పెట్టి నువ్వు అనడం ఈ క్వార్టర్ గోడలు ఎన్నడూ వినలేదు.

"అడిగితే ఒప్పుకునేదానివా?" అన్నాడు దిలీప్.

"ఒప్పుకోను."

"అందుకే అడగలేదు."

అన్న తర్వాత తాను ఏమన్నాడో అతనికే వినపడింది. అటు తిరిగి, నెమ్మదిగా అన్నాడు. "షెడ్డు ఆఫీసులో రోజూ అడుగుతారు. భాభీ పెద్ద కంపెనీలకి చేస్తోందట, తేరా క్యా, నీ సంగతేంటి అని. నేను గుమస్తాని ప్రత్యూషా. నువ్వు గని పట్టుకుంటే నేనేమవుతాను?"

ఆమెకు జాలేసింది. నిజంగానే వేసింది. ఇదే మాట పోయిన వారం, పడక మీద, చెవిలో చెప్పి ఉంటే ఒళ్లో తల పెట్టించుకుని ఓదార్చేది. కానీ అతను తనతో చెప్పలేదు. సీతారామయ్యతో చెప్పాడు, అదీ ఆమె వల్ల కాదని చెప్పాడు. ఆ జాలి ఈ కోపంలో ఎక్కడో మునిగిపోయింది.

అలమారా మీది ఫోను అందుకుంది. నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి, బొట్టు పక్కనే పెట్టె మీద పెట్టింది.

"నమస్కారం సర్. నేను ప్రత్యూషని, బిలాస్‌పూర్ నుంచి. గని పని నేను చేస్తాను."

"మీవారు కుదరదన్నారు కదమ్మా?" సీతారామయ్య గొంతు నిదానంగా వచ్చింది.

"అది ఆయన మాట సర్. నా మాట ఇది."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "సాయంత్రం నాగ్‌పూర్ వాళ్లకి ఇచ్చేద్దామనుకుంటున్నాను. మీరు ఖాయంగా అంటే ఆపుతాను. కానీ ఒక షరతు. శనివారం నేను బిలాస్‌పూర్ వస్తున్నాను. మీ దగ్గర, మీ మెషీన్ మీదే, గని మొత్తం ఒక్కటిగా నడిపి చూపించాలి. ముక్కలు చేసి అతికిస్తే అతుకుల దగ్గర కొలతలు తేడా వస్తున్నాయి. అలాంటివి చూసి చూసి ఉన్నాను."

"చూపిస్తాను సర్."

"మంచిది. ఇంతకీ మీ మెషీన్‌లో మెమరీ ఎంతమ్మా?"

గదిలో నాలుగు జతల కళ్లు పెట్టె మీద వాలాయి. అందులో పదహారు ఉంది. ఆ సంగతి పక్కన చీటీ మీద అచ్చులో ఉంది.

"అరవై నాలుగు," అంది ప్రత్యూష.

"అయితే శనివారం కలుద్దాం."

ఫోను ఆగిపోయింది. దిలీప్ ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూస్తున్నాడు. సూర్యం కుర్చీలోంచి లేచి, అల్లుడి చేతిలో చాకు మెల్లగా తీసుకుని పళ్ల పళ్లెంలో పెట్టేశాడు. "కూకోండి బాబూ," అన్నాడు. తర్వాత కోడలి వైపు చూశాడు.

"అబద్దం ఆడీసేవు అమ్మా."

"శనివారానికి నిజం అయిపోతుంది మావయ్యా."

సూర్యం వెళ్లి తన లైన్ బాక్సు మీద కూర్చున్నాడు.

ప్రత్యూష చున్నీ బిగించి పెట్టెను రెండు చేతులతో ఎత్తింది. అంత బరువేమీ లేదు. అదే దాని లోపం.

"ప్రత్యూషా," అన్నాడు దిలీప్. "పూజ చేసిన పెట్టెతో ఆ గుమ్మం దాటావంటే..."

ఆమె గుమ్మంలో ఆగి తిరిగింది. "దాటితే?"

ఆ వాక్యంలో మిగతా సగం దిలీప్ దగ్గర లేదు. ఇన్నాళ్ల బట్టీ ఎవరో ఒకరు ఆ మొదటి సగం దగ్గరే ఆగిపోతూ వచ్చారు కాబట్టి, రెండో సగం తయారుచేసుకునే అవసరం ఈ ఇంట్లో ఎవరికీ రాలేదు.

ప్రత్యూష గుమ్మం దాటింది. వరండా మెట్లు దిగింది. అప్పుడు గమనించింది, తాను బయల్దేరేటప్పుడు గదిలో అత్తగారు లేదని.

కనకం గేటు దగ్గర ఉంది. పెరటి తలుపులోంచి, ఇంటి చుట్టూ తిరిగి వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది. మొహం కడుక్కుని కొత్తగా బొట్టు పెట్టుకుంది. భుజం మీద చీర కొంగు నిండుగా కప్పుకుని, కోడలికి ఎదురుగా నడిచి వస్తోంది.

ప్రత్యూష కాళ్లు నిలిచిపోయాయి. ఈ ఇంట్లో ముఖ్యమైన పని మీద ఎవరు బయల్దేరినా కనకం ఎదురు రావాలి. సూర్యం ప్రమోషన్ పరీక్షకి వెళ్లిన రోజున ఎదురొచ్చింది. దిలీప్ ఉద్యోగంలో చేరిన రోజున ఎదురొచ్చింది. ప్రత్యూష రాయ్‌పూర్ ట్రైనింగ్‌కి బయల్దేరిన రోజున మాత్రం ఆవిడకి మోకాళ్ల నొప్పులు.

ఇవాళ ఎదురొస్తోందా, అడ్డొస్తోందా?

"ఏటలా సూస్తన్నావు? నడు," అంది కనకం.

"బొట్టు పెట్టిన పెట్టె అత్తా. ఇంటికి మంచిది కాదన్నారు."

"బొట్టెట్టింది నాను. సీలు మీద మరకేటని షాపోడు అడిగితే నాను సెప్పుకుంతాను. నువ్వు మెమరీ సంగతి సూసుకో." కనకం ఊపిరి తీసుకుంది. "నా మిషనుకి మోటారు తరవాత ఎట్టిద్దారన్నాడు మీ మావ. దిలీపు నా కడుపులో ఉన్నప్పటి మాట. మోకాళ్లు అరిగిపోనాయి గానీ ఆ 'తరవాత' రాలేదు."

ప్రత్యూష పెట్టెను ఇంకాస్త దగ్గరికి పట్టుకుంది. చేతిలో పెట్టె లేకపోతే ఆవిడను కౌగిలించుకునేది.

"అమ్మా!"

వరండాలోంచి దిలీప్ పిలిచాడు. గట్టిగానే పిలిచాడు, పక్క క్వార్టర్లో కూడా వినపడేంత. వెనక పిలుపు పడితే ఈ ఇంట్లో ఎంత తొందర పనైనా ఆగాల్సిందే. లోపలికి వెళ్లి, కూర్చుని, మంచినీళ్లు తాగి, ఆ తర్వాతే మళ్లీ బయల్దేరాలి. ఆ పట్టింపు ఈ ఇంటికి నేర్పింది కనకమే.

కనకం గేటు మీద చెయ్యి వేసి ఆగింది. వెనక్కి మాత్రం చూడలేదు.

"ఎవులో పిలిసినట్టున్నారే," అంది.

"నాకేం వినపడలేదత్తా."

"నాకూ ఇనపళ్లేదు."

రోడ్డు మీద పోతున్న ఆటోని కనకమే ఆపింది. ముందు తాను ఎక్కి, పెట్టెను అందుకుని ఒళ్లో పెట్టుకుంది. ఆటో, లోకో షెడ్డు పందిరి దాటుతుంటే కొంగు తడిచేసుకుని సీలు మీది బొట్టును తుడవడం మొదలుపెట్టింది. పసుపు కొంత వచ్చింది. కుంకుమ మాత్రం టేపులోకి ఇంకిపోయింది.